జపాన్ పట్టు

మోత్కూరు బజారు వెనక సందులో వీడియో హాలు. మధ్యాహ్నం, ఆట లేని వేళ. లోపల హాలు నడిపే గులాం నబీ. గడపలో గొర్ల కాపరి బీరప్ప.

"ఇయ్యాల ఆట లేదు బీరప్పా. దర్గా ఉర్సు అయినకాడ్నించి హాలు బంద్ పెట్టిన."

"ఆట కోసం రాలే నబీ సాబ్."

"అయితే లోపలికి రా. ఎండల ఎందుకు నిలబడుతవ్. కట్టె ఆ మూలకు పెట్టు. లేకుంటే నీ దగ్గర్నే ఉంచుకో, నీ ఇష్టం."

"కట్టెను సూసి భయమైతాందా?"

"భయమెందుకు. గొర్లకాడ్నించి వస్తున్నవేమో అనుకున్న."

"గొర్లను మా తమ్మునికి అప్పజెప్పిన. నేను ఇంటికాడ్నే ఉంటున్న, సైదులు దగ్గర."

"ఎట్లున్నడు సైదులు?"

"ఉన్నడు."

"అంటే, చేతులు గిట్ల ఏమన్న..."

"నీ కొడుకు మెడ ఇరగ్గొట్టినంక ఎట్లుంటడు? తలకాయ ఉన్నది. దాంట్ల కండ్లున్నయి, నోరున్నది. మెడ కింద వానికి ఏం తెలుస్తలేదు. ఈగ వాల్తే తెల్వది, సుర్రున కాలినా తెల్వది. పట్నం దవాఖానల ఇంక ఇంటికి తీస్కపొమ్మన్నరు."

"వచ్చి చూద్దామనుకున్న బీరప్పా. మీ వాడకట్టు దాక వచ్చి మర్లిపోయిన. మీవోళ్లు ఏమంటరో అని."

"మంచిపనే చేసినవ్. వస్తే అనుడుతోటి ఆగకపోదురు."

"మా ఇంటామె తాహేరా అయితే రోజూ నమాజుల మీ పోరని కోసం ఏడుస్తది. నీ తోడు."

"ఆ క్యాసెట్ పెట్టు నబీ సాబ్."

"ఏ క్యాసెట్?"

"ఏదో నీకు తెల్వదా? జపానోళ్ల కుస్తీ. నల్లచెడ్డోడు బట్టతలోన్ని తలకిందులు చేసి ఎత్తేస్తడు సూడు, అది."

"అదా. అది ఇప్పుడు లేదు. భువనగిరోళ్లు అడిగితే ఇచ్చిన."

"నీ వెనక అలమారల, పై అరల, అట్ట చినిగిన డబ్బా. సైదులు చెప్పి పంపిండు ఎట్లుంటదో."

"ఇదా. ఇది అదో కాదో మల్ల."

"పెడితే తెలుస్తది గద."

"కరెంటు ఎప్పుడు పోతదో తెల్వది బీరప్పా. హెడ్డు గూడ ఖరాబైంది, అన్ని గీతలే వస్తున్నయి."

"నబీ సాబ్, నేను చెప్పేది విను. రేపు పొద్దుగాల పెద్దమనుషులు కూసుంటున్నరు. నన్ను ఒక్కటే అడుగుతరు. నీ కొడుకు ఖమర్ కావాలని చేసిండా, ఆటల అయ్యిందా? నేను ఏదంటే అదే. కావాలని చేసిండంటే ఠాణాల కేసు. అది కేసు తోటి ఆగుతదో ఆగదో నాకంటే నీకే ఎక్కువ తెల్సు. బజార్ల అప్పుడే మావోళ్లు, మీవోళ్లు అని గుంపులు పడ్డయి. సూసి చెప్పమంటవా, సూడకనే చెప్పమంటవా?"

"కూసో. పెడుత."

"పెట్టు."

"ఒక్క మాట ముందే చెప్త. వాళ్లిద్దరు ఒక్క బడి, కుస్తీకి ఒక్క తాలీం, ఒక్క సైకిలు. ఖమర్ అట్లాంటోడు కాదు."

"తెల్సు. తెల్వనోడైతే నీ గడప తొక్కకపోదును."

"ఇగో, వస్తాంది. కుర్చీ ఇటు జరుపుకో."

"ఇదేంది? ఎవ్వలో ఆడిది గిన్నెలకెళ్లి దారాల లెక్క తీసి తింటాంది."

"అడ్వటైజు. సేమియా అసోంటిది. ఆడ టీవీల వచ్చింది వచ్చినట్టు పట్టిండ్రు. మా బామ్మర్ది ఖుద్దూస్ సౌదీల ఉన్నప్పుడు ఆడ జపాను ఇంజనీర్లు పనిచేసేది. వాళ్లకు ఇంటికాడ్నించి క్యాసెట్లు వచ్చేది, టీవీల వేసిన కుస్తీలు నింపి. వాళ్లు చూసి పక్కన పడేస్తే మావోడు తెచ్చుకున్నడు. జరుపుదునా?"

"వద్దు. అన్ని సూస్త. రంగులెందుకు లేవు?"

"మన టీవీల రావు. వాళ్ల లెక్క వేరట. ఆ చెడ్డి అసలు ఏం రంగో ఎవనికి తెల్సు. మనకు నల్లగ పడ్డది, నల్లచెడ్డోడు అన్నం."

"మా సైదులు అదే నల్లది కుట్టిచ్చుకున్నడు, దర్జీ సుట్టు తిరిగి."

"ఖమర్ గూడ కుట్టిచ్చుకున్నడు."

"గీ కాయితం దారాలు ఎందుకు విసురుతున్నరు వాని మీద?"

"మనం దండలు వేస్తం గద, వాళ్లకు అది. ఏదో మర్యాద."

"జనం సల్లగ కూసున్నరు. మనోళ్లయితే ఈపాటికి కుర్చీలు ఇరగ్గొడుదురు. గా మొత్తుకునేటోడు ఏమంటాండు?"

"నాకేం తెల్సు బీరప్పా."

"నీకు తెల్వదా? మైకు పట్టుకొని చెప్తుంటివి గద. వాడు ఒక్క మాట అంటే నువ్వు నాలుగు మాటలు చెప్తుంటివి."

"వాని భాష నాకేడొస్తది. జనం గమ్మున కూసోరని నోటికొచ్చింది చెప్పేది. 'నిన్ను గొర్లదొడ్ల తొక్కిపిస్త కొడకా' అన్నడని నేను చెప్తే ఎంత నవ్విండ్రు."

"నేను గూడ నవ్విన. ఆనాడు సైదులు నన్ను పట్టుకొచ్చిండు, సూద్దువు రా బాపూ అని. గీ ముందు వరుసలనే కూసున్న."

"యాదికుంది. నీ గొంగడి తోటి వచ్చినవ్."

"ఇయ్యాల నువ్వు చెప్పకు. వాన్నే మొత్తుకోనియ్యి."

"చెప్ప."

"బట్టతలోడు ముసలోడే. తాలీం నడిపే మీ నూరుద్దీన్ ఉస్తాద్ ఈడు ఉంటది. గీ ఈడుల కుస్తీ ఏందో వానికి. మన్ను గూడ లేదు ఆడ. మన్నుల ఎందుకు ఆడరు వీళ్లు?"

"కింద బల్లలు, పైన పలుచగ పరుపు అసోంటిది. మన్నుల పడితే చప్పుడేడిది? టీవీల చప్పుడు రావాలె గద."

"అన్నా, నీళ్లు."

"ఆడ పెట్టు తాహేరా చెల్లె."

"తాగవా అన్నా? తాహేరా చేతి నీళ్లు తాగొద్దన్నరా మీవోళ్లు?"

"ఎవ్వలేమనలే. దూప లేదు."

"మా పోరడు కావాలని చెయ్యలే అన్నా. నా కడుపుల పుట్టినోడు నాకు తెల్వదా. మేళ్లచెరువుల మా అన్న ఇంట్ల..."

"తాహేరా, నువ్వు లోపలికి పో."

"నేనెందుకు పోవాలె? బీరప్పన్నకు చెప్పక ఎవ్వలికి చెప్పాలె? సిమెంటు ఫ్యాక్టరీల బస్తాలు మోస్తున్నడన్నా. మా అన్న కబురు పంపిండు. నిద్రల గూడ 'లేరా సైదులూ, లే' అంటున్నడట. ఒర్రి ఒర్రి లేస్తున్నడట."

"ఇంక చాలు. పో అన్న గద."

"పోతున్న. నీళ్లు ఆడ్నే ఉంటయన్నా. తాగితే తాగు."

"ఆమెకు తెలివి లేదు బీరప్పా. ఆ ఊరి పేరు నువ్వు విననట్టే ఉండు."

"విన్న."

"ఎవ్వలికి చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

"క్యాసెట్ సూడు. పట్టు కాడికి వస్తాంది. అగో, నడుము దొరకవట్టిండు."

"ఎత్తుతడు ఇప్పుడు."

"ఎత్తిండు. తల కిందికి చేసిండు. తొడల నడుమ పెట్టిండు. వాన్ని పట్టుకొనే కూలవడ్డడు. అబ్బ. నబీ సాబ్, అచ్చం గిట్లనే. అచ్చం గిట్లనే వేసిండు నీ కొడుకు."

"ఆపమంటవా?"

"ఆపకు. అగో మల్ల ఎత్తిండు, రెండోమాటు. మూడోమాటు గూడ. మూడుమాట్లు నెత్తి మీద వేసినంక గూడ లేస్తున్నడు సూడు. ముసలోడు. లేచి తాడు పట్టుకున్నడు. మా వాడు ఒక్క దెబ్బకు పన్నడు, ఇంక లేస్తలేడు. ఎందుకు?"

"మూడుమాట్లు కాదు బీరప్పా."

"నా కండ్లతోటి సూసిన గద ఇప్పుడే."

"వాడు ఎత్తేసింది ఒక్కటే మాటు. తర్వాత వచ్చింది మల్ల అదే. టీవీవోళ్లు ఒక్క దెబ్బనే ఇంకో దిక్కుకెళ్లి మల్ల చూపెడతరు. జర మెల్లగ. రెండోమాటు మెల్లగ కదుల్తలేరా?"

"అలిసిపోయిండ్రనుకున్న."

"అందరు అట్లనే అనుకున్నరు."

"నువ్వు మైకుల మూడుమాట్లు అంటివి గద. 'మూడుమాట్లు ఎత్తేసినా వెంట్రుక గూడ ఊడలే' అంటివి."

"అన్న."

"ఎందుకంటివి?"

"జనం ముందే అన్నరు, మూడుమాట్లని లెక్కవెట్టి. నేను కాదంటే క్యాసెట్ల మజా పోతదని నేను గూడ అన్న."

"మా సైదులుకు తెల్సా ఒక్కటే మాటని?"

"ఖమర్‌కు చెప్పిన ఇంట్ల. వాడు మీ వానికి చెప్పిండో లేదో."

"చెప్పలే. పట్నం దవాఖానల మంచం మీద పండి నాతోటి అన్నడు. 'నల్లచెడ్డోడు మూడుమాట్లు వేస్తేనే ముసలోడు లేచిండు బాపూ. నేను ఒక్కమాటే పడ్డ. నేను గూడ లేస్త.' ఇప్పటికి రోజూ అంటున్నడు."

"అల్లా."

"అల్లాను ఎందుకు తెస్తవ్ నడుమ. ఇదంత దొంగ కుస్తేనా మరి?"

"దొంగ అనరాదు. ముందే మాట్లాడుకుంటరు, ఎవ్వలు పడాలె, ఎవ్వలు లేవాలె అని. పడేటోడు ఎత్తేటోన్ని నమ్మి పడతడు. మన పోరలు గూడ మాట్లాడుకున్నరు బీరప్పా. ఉర్సు కుస్తీలల్ల అందరు పాత పట్లే పడతరు, మనం జపాన్ పట్టు చూపెడదామని. ఒకడు పడాలె, పడ్డోడే లేచి గెలవాలె."

"ముందురోజు హోటల్ల కొట్లాడిండ్రట గద. గల్లాలు పట్టుకున్నరట. ఊరంత అదే అంటున్నది. ఆ కోపం మీదనే ఖమర్ మెడ ఇరగ్గొట్టిండని."

"ఎందుకు కొట్లాడిండ్రో ఊరికి తెల్సా?"

"ఎందుకు?"

"నేను పడతనంటే నేను పడతనని."

"పడుటానికి కొట్లాటనా?"

"పడి లేచినోనికే గద ఈలలు, దండలు. ఎత్తేసినోన్ని ఎవ్వలు చూస్తరు. ఖమర్ వయసుల పెద్దోన్ని నేనన్నడు. సైదులు వినలే. మా వాడే తగ్గిండు. మీ వాన్ని అడుగు కావాలంటే."

"అడిగిన. అదే చెప్పిండు."

"మరి ఇంకేంది? తెల్సి గూడ..."

"కొడుకు దోస్తును కాపాడనీకి చెప్తున్నడేమో అనుకున్న. నువ్వు గూడ అదే చెప్తున్నవ్. సరే, కోపం లేదు. అయినా ఒక్కదానికి జవాబు దొరుకుతలేదు నబీ సాబ్. ఏడ నేర్చుకున్నరు వాళ్లు గీ పట్టు?"

"ఈడ్నే. హాల్ల. పొద్దుగాల కుర్చీలు జరిపి, బండల మీద జంపఖానా పరుచుకొని."

"ఎన్నిమాట్ల వేసుకున్నరు?"

"లెక్కేడిది. రోజూ ఇదే పని."

"సైదులుకు దెబ్బ తగిలిందా ఎన్నడన్న?"

"లేదు. ఒక్కనాడు గూడ."

"సూడు మరి. బండల మీద వేస్తే ఏం గాలే. మెత్తటి మన్నుల వేస్తే మెడ ఇరిగింది. బండల మీద పదిలంగ వేసినోడు మన్నుల ఎందుకు వెయ్యలే? చేతులు ఎందుకు వదిలిండు? ఊరంత గిదే అడుగుతాంది. నేనూ గిదే అడుగుతున్న. దీనికి నువ్వు జవాబు చెప్పు, రేపు నేను ఆటల అయ్యిందని చెప్త."

"నాకు తెల్వదు బీరప్పా. కసమ్ తిని చెప్తున్న, నేను గూడ అదే ఆలోచన చేస్తున్న ఇన్ని రోజుల నుంచి."

"అయితే మల్ల పెట్టు."

"మొదటికెళ్లా?"

"మెల్లగ వచ్చేది. ఒక్క దెబ్బనే మల్ల చూపెడతరన్నవ్ గద, అది."

"ఆగు, వెనక్కు తిప్పుత. ఇగో. ఇది ముందటికెళ్లి. ఇది పక్కకెళ్లి."

"పక్కకెళ్లిది ఇంకోసారి. దగ్గరికి రా, ఈడ కూసుందాం. ఆ ముసలోని తల సూడు."

"చూస్తున్న."

"పడుతున్నడు... ఆపు."

"ఆపితే గీతలొస్తయన్న గద. ఇగో, తల మీదికెళ్లే పోతాంది గీత."

"జర ముందుకు నూకు. ఇంకజర. ఆ. తల ఏడుంది?"

"తొడల నడుమ. అరె, బీరప్పా."

"ఏంది?"

"తల నేలకు తాకుతలేదు. వేలు పెట్టి చూపెడుత చూడు. ఇగో వీని మోకాళ్లు, బల్లల మీద ఉన్నయి. ఇగో వాని నెత్తి. నడుమ సందుంది."

"సందుందా? అది గీతనేమో."

"గీత కాదు, చూడు, తెల్లగ ఆ పక్క జనం కనపడ్తున్నరు. నెత్తి గాలిల ఉంది. మోకాళ్లు ముందుగాల పడుతున్నయి. దెబ్బ అంత మోకాళ్లే తింటున్నయి. అందుకే ఖమర్ మోకాళ్లు ఎప్పుడు కమిలి ఉండేది. వాళ్లమ్మ రోజూ పసుపు వెచ్చచేసి పెట్టేది, ఏం పాడు ఆటరా ఇది అని తిట్టుకుంట. సైదులుకు ఏం గాకపోయేది. వీనికి కమిలేది."

"అంటే నీ కొడుకు మన్నుల గూడ గిట్లనే వేసిండంటవ్."

"గిట్లనే వేసిండు. వేరే తీరుగ వెయ్యరాదు వానికి. బల్లల మీద అయితే మోకాళ్లు ఆగుతయి. బండల మీద అయితే ఆగుతయి. మన్నుల?"

"మన్నుల..."

"దిగబడ్తయి. మోకాళ్లు ఎంత దిగితే నెత్తి అంత కిందికి పోతది. అంతే బీరప్పా. అంతే ఇది. ఖమర్ చేతులు వదల్లే. మన్ను ఆగలే. నువ్వు ముందటనే ఉన్నవ్ గద ఆనాడు, వాని మోకాళ్లు ఎంత దిగబడ్డయి?"

"పిక్కలు కనపడలే."

"మరి తల?"

"చెవుల దాక మన్నుల ఉండె. పెయ్యి పక్కకు ఒరిగింది. తల రాలే దాని తోటి. ఖమర్ లేద్దామని చూస్తే వానికీ కాళ్లు రాలే. నేనే గుంతల దుంకి మన్ను తీసిన."

"అదీ. తల ఇరికింది, పెయ్యి ఒరిగింది, మెడ మలిగింది. మా వాని తప్పేముంది దీంట్ల? చెప్పు, ఇప్పుడు చెప్పు."

"మెల్లగ మాట్లాడు. చెల్లె వింటది."

"విననియ్యి. ఇంతకూ పిక్కలు మునిగేటంత మన్ను ఎట్లయ్యింది? నూరుద్దీన్ ఉస్తాద్ జానెడు కంటే ఎక్కువ తవ్వనియ్యడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ గుంతను. జానెడు తవ్విచ్చి, నూనె, మజ్జిగ, పసుపు కలిపిచ్చి కాలితోటి తొక్కి చూస్తడు. ఎవడో తర్వాత ఎక్కువ తవ్విండు."

"కావచ్చు."

"కావచ్చు కాదు, తవ్విండు. ఎవడు వాడు? వాడు బీరప్పా, వాడు నీ కొడుకును మంచంల పడేసింది. మా వాడు కాదు. రేపు పెద్దమనుషుల ముందట నిలబెట్టాల్సింది వాన్ని. లే, ఉస్తాద్ దగ్గరికి పోదాం. ఎవ్వలు పార పట్టిండ్రో అడుగుదాం."

"కూసో."

"ఇప్పుడు ఎందుకు కూసోవాలె? నువ్వు నీ కొడుకును చంపినంత పని చేసినోన్ని ఇడిసిపెడుతవా?"

"ఆ మాట ఇంకోసారి అనకు నబీ సాబ్."

"ఎందుకనొద్దు? వెయ్యిమాట్ల అంట. మా పోరడు దొంగల లెక్క దాసుకొని బస్తాలు మోస్తున్నడు, ఆ తవ్వినోడేమో బజార్ల మంచిగ తిరుగుతుండొచ్చు."

"తిరుగుతలేడు."

"నీకు తెల్సా వాడెవడో?"

"ఉస్తాద్‌కు తెల్వదు. ఎవ్వలికి తెల్వదు. క్యాసెట్ ఆపు, వాడు మొత్తుకుంటుంటే నాకు మాట వస్తలేదు."

"ఆపిన. చెప్పు."

"ఆనాడు ఈడ సూసిపోయిన గద, నీ మైకు విని నవ్వుకుంట. ఇంటికి పోయినంక కన్ను మూతపడలే. గంత ఎత్తుకెళ్లి నెత్తి మీద మూడుమాట్లు. ముసలోడు లేచిండు, సరే. వానికి బల్లల మీద అలవాటుంది. నా కొడుకు ఏమైతడో అనుకున్న. వాళ్లమ్మ సత్తమ్మ వద్దని చెప్పమన్నది. చెప్తే ఇంటడా? ఉర్సుల గిదే చూపెడతనని ఊరంత చెప్పుకున్నడు."

"బీరప్పా."

"చెప్పనియ్యి. ఉర్సు పొద్దుగాల ఎవ్వలు లేవకముందు పార పట్టుకపోయిన తాలీంకు. ఉస్తాద్ తొక్కిపోయిన మన్నును మల్ల తవ్విన. గట్టి నేల తగిలేదాక తవ్విన. మా దొడ్ల ఎండిన గొర్ల పెంట ఉంటది సూడు, పిండి లెక్క, అది రెండు గంపలు జల్లెడ పట్టి తెచ్చి కలిపిన. పైన మల్ల ఎర్రమన్ను సదిరిన, ఉస్తాద్ సూస్తే తిడతడని. చెయ్యి పెట్టి సూస్తే మోచెయ్యి దాక పోయింది. సంబురపడ్డ నబీ సాబ్. పరుపు లెక్క ఉంది, ఇంక నా కొడుక్కు ఏం గాదు అనుకున్న."

"నువ్వా తవ్వింది!"

"అనవేంది ఇప్పుడు? వెయ్యిమాట్ల అంట అంటివి."

"నాకేం తెల్సు నువ్వని. నోరు జారిన. మాఫ్ చెయ్యి. నువ్వు వాని పానం కాపాడనీకి చేసినవ్ బీరప్పా. ఏ తండ్రి అయినా చేస్తడు. నా కొడుకు పడేదుంటే నేను గూడ తవ్వుదు."

"తవ్వుదువు."

"దీంట్ల ఎవ్వని తప్పు లేదు. రేపు ఇదే చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. పెద్దమనుషులు నిన్నొక్క మాట అనరు, ఏడుస్తరు నీ తోటి. మా పోరన్ని రమ్మని ఇయ్యాల్నే కబురు పంపుత. వచ్చి సైదులు కాళ్లకాడ కూసుంటడు. వానికి గూడ అదే కావాలె. ఏమంటవ్?"

"పెద్దమనుషులకు చెప్తే ఊరికి చెప్పినట్టే గద."

"ఊరికి తెలుస్తది. తెలిస్తేనే గద మంచిది, ఈ గుంపులు పోతయి."

"మా వాకిట్ల రోజూ పదిమంది కూసుంటరు, సైదులును సూడనీకి. ఎవ్వలో ఒకలు అంటరు వాని ముందట."

"అననియ్యి. వాడు తెలివిగలోడు. అర్థం చేసుకుంటడు."

"ఖమర్‌ను మేళ్లచెరువుల ఉంచకు నబీ సాబ్."

"అదే అంటున్న, ఇయ్యాల్నే రమ్మంట..."

"రమ్మనకు. ఇంకా దూరం పంపు. నీ బామ్మర్ది ఉన్నడు గద సౌదీ చూసినోడు, ఏదన్న తొవ్వ చూడుమను. చెల్లె నా ముందట ఆ ఊరి పేరు చెప్పింది, ఇంకెవ్వలి ముందట చెప్పిందో."

"ఎందుకు పంపాలె? ఏమంటున్నవ్ నువ్వు?"

"రేపు నేను ఖమర్ కావాలనే చేసిండని చెప్త."

"నీకు మతి ఉందా? ఇంత చూసినంక? నీ నోటితోటి నువ్వే చెప్పి?"

"సూసి చెప్తనన్న. సూసిన."

"నేను ఊకుంటనా? ఈ క్యాసెట్ పట్టుకొని చావడికి వస్త. టీవీ గూడ మోసుకొస్త. మోకాళ్లు చూపెడుత, సందు చూపెడుత. నువ్వు తవ్వినవని చెప్త."

"చెప్పు. మూడుమాట్లు ఎత్తేసిండని గా మైకులనే చెప్పినవ్. ఇప్పుడు ఒక్కటే మాటు, అది గూడ నెత్తి తాకలే అంటే ఎవ్వలు నమ్ముతరు? కొడుకు కోసం అంటున్నడు అంటరు."

"బీరప్పా, చేతులు జోడించి అడుగుతున్న. మా వాడు ఏం పాపం చేసిండు?"

"ఏం చెయ్యలే."

"మా హాలు కాలవెడతరు. మా మనుషులను కొడతరు. తాహేరా నిన్ను అన్నా అని పిలిచింది ఇప్పుడే."

"పిలిచింది. ఇంటున్న."

"మరి ఎట్ల మనసొప్పుతాంది నీకు?"

"ఒప్పుతలేదు. ఒప్పుతలేదు నబీ సాబ్. కానీ గీ గుంత సంగతి సైదులు చెవుల పడొద్దు. వాడు బతికున్నన్ని దినాలు పడొద్దు."

"పడితే ఏమైతది? తండ్రివి. కోపం చేస్తడు, రెండు దినాలు మాట్లాడడు. గంతే గద."

"వాళ్లమ్మ బువ్వ పెడితే నోరు తెరుస్తలేడు నబీ సాబ్. నేను గీ చేతితోటి పెడితేనే తింటున్నడు."